జడ్జి పరీక్ష లేని దేశంలో

మా నాన్న గుంటూరు జిల్లాలో ఒక మున్సిఫ్ కోర్టులో బెంచ్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. జడ్జి గారి డయాస్‌కు ఒక మెట్టు కింద, కేసు కట్టల మధ్య ఆయన కుర్చీ ఉండేది. మూడేళ్లకో జడ్జి బదిలీ మీద వచ్చేవారు, వెళ్లేవారు. రాత్రి అన్నాలప్పుడు నాన్న వాళ్ల గురించి చెప్పే మాట ఒకటే. "ఈయన సాక్షిని పూర్తిగా చెప్పనిస్తాడమ్మా" అనేవారు, లేదంటే "ఈయన వినడు" అనేవారు. ఎంత చదివారు, తీర్పు ఎంత పొడుగు రాస్తారు, ఇవేవీ ఆయన లెక్కలోకి వచ్చేవి కావు.

నేను లా చదివి, మూడేళ్లు ఊళ్లోనే ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా చేశాను. నేను జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలని నాన్న కోరిక. ఒకసారి రాశాను, మెయిన్స్‌లో పోయింది. రెండోసారికి చదువుతుండగా పెళ్లయింది. 2008లో మా ఆయన ఉద్యోగంతో డబ్లిన్ వచ్చేశాం. అప్పటి నుంచి నాన్న ఫోన్‌లో అడిగే ప్రశ్న మారలేదు: "అక్కడ జడ్జి పరీక్ష ఎప్పుడు పెడతారమ్మా?"

ఐర్లండ్‌లో జడ్జి పరీక్ష లేదు. ఆ మాట నాన్నకు అర్థమయ్యేలా చెప్పడానికి చాలా ఏళ్లు పట్టింది, ముందు నాకే అర్థం కాలేదు కనుక. పరీక్ష లేకపోతే జడ్జీలు ఎక్కడి నుంచి వస్తారు? ఎవరు ఎంచుతారు, ఏం చూసి ఎంచుతారు? నేను ఏళ్ల తరబడి పక్కన కూర్చుని చూసిన ఒకావిడ ప్రయాణం, దాంతో పాటు నాది, ఇక్కడ రాస్తున్నాను. లా చదివి ఇటు వస్తున్న మన పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, వాళ్లకు కూడా పనికొస్తుంది.

మన దగ్గర అడ్వొకేట్ అంటే అన్నీ ఒకరే. క్లయింటు ఇంటికొస్తాడు, వకాలత్ మీద సంతకం పెడతాడు, మనమే నోటీసు ఇస్తాం, దావా వేస్తాం, వాదిస్తాం. ఇక్కడ ఆ పని రెండు ముక్కలు. క్లయింటు ముందు సొలిసిటర్ దగ్గరికి వెళ్తాడు. పెద్ద కోర్టులో వాదించాల్సి వస్తే ఆ సొలిసిటర్ ఒక బారిస్టర్‌కు కాగితాలు పంపుతాడు. ఆ కాగితాల కట్టను బ్రీఫ్ అంటారు. బారిస్టర్లకు ఆఫీసు ఉండదు, భాగస్వాములు ఉండరు, ఎవరికి వారే. రెండు వేలకు పైగా ఉన్న వాళ్లందరికీ ఉమ్మడి చోటు డబ్లిన్‌లోని లా లైబ్రరీ. నాకు కోర్టులో నిలబడి మాట్లాడటమే కావాలి. అందుకే బారిస్టర్ దారి పట్టాను. సొలిసిటర్ దారిలో అయితే ట్రెయినీ జీతమైనా ఉండేదని తర్వాత తెలిసింది. తెలిసినా మనసు మార్చుకునేదాన్ని కాదు.

ఆ దారి కింగ్స్ ఇన్స్ అనే సంస్థ గుండా వెళ్తుంది. అది 1541లో మొదలైంది. కాన్‌స్టిట్యూషన్ హిల్ మీద ఉన్న ఇప్పటి భవనం జేమ్స్ గాండన్ రూపకల్పన. అక్కడ చేరిన మొదటి వారంలోనే ఒక సంగతి తెలిసి ఒళ్లు పులకరించింది. మన వి.వి. గిరి గారు చదివింది ఇక్కడే. బరంపురంలో తెలుగు ఇంట్లో పుట్టి, 1913లో లా చదవడానికి డబ్లిన్ వచ్చారు. యూనివర్సిటీ కాలేజీలోనూ కింగ్స్ ఇన్స్‌లోనూ చదివారు. బ్రిటిష్ పాలన మీద జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటు నాయకుల్లో ఒకరైన థామస్ మెక్‌డొనా ఆ కాలేజీలో ఆయనకు పాఠాలు చెప్పారు. తిరుగుబాటు తర్వాత మెక్‌డొనాను కాల్చి చంపారు. అదే ఏడాది జూన్ 21న గిరి గారికి బారిస్టర్‌గా పిలుపు వచ్చింది, కొద్ది రోజుల్లోనే దేశం విడిచి వెళ్లమన్నారు. నేను ఎక్కే మెట్లు ఆయన ఎక్కిన మెట్లే అనుకుంటే, ఇక్కడ పరాయిదాన్నన్న భయం కొంత తగ్గింది.

నా లా డిగ్రీ ఇక్కడ నేరుగా చెల్లలేదు. ముందు రెండేళ్లు సాయంత్రం క్లాసులతో డిప్లొమా చేశాను. పగలు ఒక కంపెనీలో కాగితాలు సరిచూసే ఉద్యోగం, రాత్రి చదువు. తర్వాత ప్రవేశ పరీక్ష. కాంట్రాక్టు, టార్ట్స్ (ఒకరి తప్పు వల్ల జరిగిన నష్టానికి పరిహారం ఇప్పించే చట్టం), క్రిమినల్ లా, ఎవిడెన్స్, రాజ్యాంగం, ఈ ఐదు పేపర్లూ గట్టెక్కాలి. మొదటి నాలుగూ బ్రిటిష్ వాళ్లు మనకూ వీళ్లకూ ఒకే చేత్తో ఇచ్చిపోయినవి, పేరు మార్చుకున్న చుట్టాల్లా కనిపించాయి. రాజ్యాంగం పేపరే నన్ను కట్టిపడేసింది. మనం బళ్లో ఆదేశిక సూత్రాలు ఐర్లండ్ నుంచి తెచ్చుకున్నామని ఒక్క మార్కు కోసం బట్టీ పట్టాం. 1937 ఐరిష్ రాజ్యాంగం 45వ అధికరణం తెరిచి చదివితే, ఆ ఒక్క మార్కు వెనుక ఉన్నదంతా కళ్ల ముందుకొచ్చింది. 1960ల్లో ర్యాన్ అనే గృహిణి, కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కలపొద్దని కేసు వేసి ఓడిపోయింది. ఓడినా, రాజ్యాంగంలో రాసి లేని హక్కులు కూడా మనిషికి ఉంటాయని జస్టిస్ కెన్నీ ఆ కేసులోనే అన్నారు. జీవించే హక్కు చెప్పే మన 21వ అధికరణం మీద వచ్చిన తీర్పులు చదివినవాళ్లకు ఇది సొంతింటి ముచ్చటలా ఉంటుంది.

ఆ పైన బారిస్టర్ డిగ్రీ. ఒక ఏడాది రోజూ వెళ్లి చేయొచ్చు, రెండేళ్లు వారాంతాల్లో చేయొచ్చు. నేను రెండోది తీసుకున్నాను. చదువులో భాగంగా కింగ్స్ ఇన్స్ హాల్లో కొన్ని రాత్రులు భోజనం చేయాలనే నియమం ఉంది. గౌను వేసుకుని, గోడల మీద పాత జడ్జీల చిత్రపటాల కింద కూర్చుంటాం. పై వరస బల్ల దగ్గర జడ్జీలు, సీనియర్లు కూర్చుంటారు. మొదట్లో ఇదేం ఆచారమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, రేపు ఎవరి ముందు నిలబడతామో, ఎవరికి ఎదురు వాదిస్తామో వాళ్లు మనల్ని, మనం వాళ్లను చూసుకునేది అక్కడేనని. ఐరిష్ భాషలో కోర్టు మాటలు కూడా నేర్చుకోవాలి. జడ్జిని వాళ్ల భాషలో బ్రెహవ్ అంటారు. రాజ్యాంగం ఇంగ్లీషు పాఠానికీ ఐరిష్ పాఠానికీ తేడా వస్తే ఐరిష్ పాఠమే చెల్లుతుంది. ఎక్కువ మంది ఇంట్లో మాట్లాడని భాషకు అంత గౌరవం ఇచ్చుకున్నారు. తెలుగులో తీర్పులు రావాలని కోరుకునే మనవాళ్లు ఇది ఒకసారి ఆలోచించాలి.

2013లో నన్ను బార్‌లోకి పిలిచారు, అంటే బారిస్టర్‌గా చేర్చుకున్నారు. డబ్లిన్‌లో పెద్ద కోర్టులుండే ఫోర్ కోర్ట్స్ భవనంలో, సుప్రీం కోర్టు హాల్లో వేడుక. పిలిచింది చీఫ్ జస్టిస్ సుసాన్ డెన్‌హమ్. ఐర్లండ్‌లో ఆ పదవిలో కూర్చున్న మొదటి మహిళ ఆవిడ. 1921 నవంబర్ 1న ఫ్రాన్సెస్ కైల్, అవెరిల్ డెవెరెల్ అనే ఇద్దరు ఇక్కడ బారిస్టర్లయ్యేదాకా ఆడవాళ్లకు ఈ తలుపు తెరుచుకోలేదు. ఆ రోజు నాన్నకు ఫొటోలు పంపాను. గౌను, మెడకు తెల్ల బ్యాండ్లు (ఇక్కడ ట్యాబ్స్ అంటారు) చూసి సంతోషించారు. భవనం గురించి అడిగితే, 1922 అంతర్యుద్ధంలో ఇది తగలబడిందని, పక్కనున్న రికార్డు ఆఫీసులో ఏడు వందల ఏళ్ల కాగితాలు బూడిదయ్యాయని చెప్పాను. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అన్నీనా?" అన్నారు చివరికి. జీవితమంతా కట్టలు జాగ్రత్త చేసిన మనిషి ఆయన.

పిలుపు వచ్చినంత మాత్రాన పని రాదు. కొత్తగా చేరినవాళ్లు కనీసం ఏడాది ఒకరి దగ్గర నేర్చుకోవాలి. నేర్చుకునేవాళ్లను డెవిల్ అంటారు, నేర్పేవాళ్లను మాస్టర్ అంటారు. మాస్టర్‌కు కనీసం ఏడేళ్ల ప్రాక్టీసు ఉండాలి, ఇంకా జూనియర్ కౌన్సెల్ అయి ఉండాలి. ఇక్కడ జూనియర్ అంటే వయసులో చిన్నవాళ్లని కాదు, సీనియర్ కౌన్సెల్ హోదా తీసుకోనివాళ్లని. మా మాస్టర్ అప్పటికే పదిహేనేళ్ల పైన ప్రాక్టీసున్న ఆవిడ. మొదటి రోజే నన్ను పేరు పెట్టి పిలవమంది. నావల్ల కాలేదు. ఆరు నెలలు ఏ పేరూ పెట్టకుండానే నెట్టుకొచ్చాను. మా ఊరి సీనియర్ గారిని ఎదుట పడి పేరుతో పిలవడం కలలో కూడా ఊహించలేం కదా.

డెవిల్‌కు జీతం లేదు. ఇంటి అద్దె, పిల్లాడి ఖర్చు, లా లైబ్రరీ చందా, అన్నీ మా ఆయన జీతం మీదే నడిచాయి. ఈ మాట దాచకుండా చెప్పాలి, ఎందుకంటే ఈ దారిలో తెలివి చాలక కాదు, డబ్బు చాలక ఆగిపోయినవాళ్లను చాలామందిని చూశాను. వెనక ఒక జీతం లేనివాళ్లకు ఈ ఏళ్లు చాలా కష్టం. రేపు బెంచి మీద ఎవరు కూర్చుంటారనేది కొంతవరకు ఈ జీతం లేని రోజుల్లోనే తేలిపోతోంది. ఇది మారాలని నాకు గట్టిగా ఉంది.

డెవిల్‌గా చేసిన రెండేళ్లలో నేను నేర్చుకున్నదాంట్లో ముఖ్యమైనది ఒక సోమవారం జరిగింది. ఒక రోడ్డు ప్రమాదం కేసులో ప్రతివాది తరఫున డిఫెన్స్, అంటే దావాకు జవాబు, రాసిమ్మంది మాస్టర్. మన దగ్గర కౌంటరు రాసే అలవాటుతో ప్రతి పేరాకూ 'నిజం కాదు, నిజం కాదు' అంటూ నాలుగు పేజీలు రాశాను. ఆవిడ చదివి, పెన్ను తీయకుండా వెనక్కి ఇచ్చింది. "ఇది బాగానే ఉంది. ముందు అవతలివైపు ఉన్న గట్టి పాయింటు ఏమిటో ఒక పేజీలో రాసి తీసుకురా. వాళ్ల లాయర్ రాసినదాని కన్నా బాగా రాయాలి" అంది.

రాత్రంతా కూర్చుని రాశాను. రాస్తుంటే ఆ గాయపడ్డ మనిషి మొదటిసారి నా కళ్లకు కనిపించాడు. అప్పటిదాకా అతను నాకు ఒక దావా నంబరు. మర్నాడు ఆ పేజీ చూసి, "ఇప్పుడు డిఫెన్స్ రాయి" అంది. రెండోసారి రాసింది ఒకటిన్నర పేజీ వచ్చింది. నిజమైనవి ఒప్పుకుని, తగువున్న రెండు విషయాల మీద నిలబడింది. ఆ తర్వాత ప్రతి కేసులోనూ అదే పద్ధతి. కోర్టుకు వెళ్తుంటే దారిలో అడిగేది: "వాళ్లేమంటారు?" నేను మన పాయింటు చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపేది.

డెవిలింగ్ అయ్యాక నా కాళ్ల మీద నేను నిలబడాలి. రెండు మూడేళ్లు ఫీజులు రాక టెన్షన్. చేసిన పనికి డబ్బు ఏడాది తర్వాత వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. డబ్లిన్ బయట ఒక చిన్న కోర్టులో, గౌను వేసుకుని బ్రీఫ్ చేతిలో పట్టుకుని ముందు వరసలోకి వెళ్తుంటే, "ఇంటర్‌ప్రెటర్లు అటువైపు కూర్చోవాలి" అన్నారొకరు. ఆ రోజు కేసు గెలిచాను. ఇంటికొచ్చే రైల్లో మాత్రం ఆ మాటే చెవుల్లో ఉండిపోయింది. మాస్టర్‌కు ఫోన్ చేసి చెప్తే చివరిదాకా విని, "రేపు మళ్లీ అదే కోర్టుకు వెళ్లు, అదే వరసలో కూర్చో" అంది. వెళ్లాను. తర్వాత ఎవరూ అనలేదు.

ఈలోగా ఆవిడ సీనియర్ కౌన్సెల్ అయింది. దాన్ని సిల్క్ తీసుకోవడం అంటారు, గౌను పట్టు గౌను అవుతుంది. డ్రాఫ్టింగ్ తగ్గి, పెద్ద కేసుల్లో వాదనలు ఎక్కువవుతాయి. సంపాదన బాగా ఉండేది అప్పుడే. సరిగ్గా ఆ దశలో ఆవిడ హైకోర్టు జడ్జి పదవికి దరఖాస్తు పెట్టుకుంది. హైకోర్టుకు కనీసం పన్నెండేళ్ల ప్రాక్టీసు ఉండాలి, ఆవిడకు అంతకు చాలా ఎక్కువే ఉంది. అప్పటి పద్ధతి 1995 చట్టంతో వచ్చింది. ఒక సలహా బోర్డు ప్రతి ఖాళీకీ కనీసం ఏడుగురి పేర్లు ప్రభుత్వానికి పంపేది. ఇంటర్వ్యూలు ఉండేవి కావు. చివరి మాట క్యాబినెట్‌ది, నియామక పత్రం రాష్ట్రపతిది. ఆ పత్రం ఫీనిక్స్ పార్కులోని రాష్ట్రపతి భవనంలో ఇస్తారు.

ఆవిడ ప్రమాణం చేసిన రోజు సుప్రీం కోర్టు హాల్లో వెనక నిలబడ్డాను. చీఫ్ జస్టిస్ ఎదుట, రాజ్యాంగంలో రాసి ఉన్న వాక్యాలు చదివింది. భయం గానీ పక్షపాతం గానీ, రాగం గానీ ద్వేషం గానీ లేకుండా ఈ పని చేస్తానని. మన రాజ్యాంగం మూడో షెడ్యూల్లో మన హైకోర్టు జడ్జీలు చేసే ప్రమాణంలోనూ ఇవే నాలుగు మాటలు. ఇంగ్లీషులో వింటూ మనసులో తెలుగులో చెప్పుకున్నాను. ఆ సాయంత్రం నాన్నకు ఫోన్ చేసి, మా మాస్టర్ జడ్జి అయిందని చెప్పాను. "ఏ పరీక్షా లేకుండానేనా?" అన్నారు. అవునన్నాను. ఆయన ఆగి, "సాక్షిని పూర్తిగా చెప్పనిస్తుందా?" అని అడిగారు.

అప్పుడు నాకే తెలిసింది, ఈ దేశంలో పరీక్ష ఎక్కడుందో. ఇరవై ఏళ్లు ఒకే భవనంలో, అవే మెట్ల మీద, గెలిచినప్పుడూ ఓడినప్పుడూ ఎదుటి లాయర్లతో ఎలా ఉందో, కోర్టుకు ఎప్పుడైనా అబద్ధం చెప్పిందేమో, ఎదుటి సాక్షిని క్రాస్ చేసేటప్పుడు గొంతు ఎలా ఉందో, అందరూ చూశారు. "పరీక్ష ఇరవై ఏళ్లు జరిగింది నాన్నా" అన్నాను. ఇందులో లోపం కూడా ఉంది. ఆ భవనంలోకే రాలేనివాళ్లను ఎవరూ చూడరు, మంచి పేరున్న ఇంటివాళ్లకు అందరి కళ్లూ త్వరగా అలవాటు పడతాయి. అయినా ఇరవై ఏళ్లు నటించడం ఎవరి వల్లా కాదని నేను నమ్ముతాను.

పై మెట్లు ఎక్కేవాళ్లందరిదీ ఒకే వేగం కాదు. డెన్‌హమ్ 1971లో బార్‌లోకి వచ్చి, 1991లో హైకోర్టుకు, మరుసటి ఏడాదే సుప్రీం కోర్టుకు వెళ్లారు, 2011లో చీఫ్ జస్టిస్ అయ్యారు. ఆవిడ తర్వాత వచ్చిన ఫ్రాంక్ క్లార్క్ 1973లో బార్‌లో చేరి ముప్పై ఏళ్లకు పైగా లాయరుగానే ఉన్నారు, 2004లో హైకోర్టుకు వచ్చారు. ఇప్పటి చీఫ్ జస్టిస్ డోనల్ ఓడోనెల్ ఏ కోర్టులోనూ జడ్జిగా చేయకుండానే 2010లో బార్ నుంచి నేరుగా సుప్రీం కోర్టుకు వెళ్లారు. మన దగ్గర కూడా సుప్రీం కోర్టుకు అలా నేరుగా వెళ్లినవాళ్లు కొద్దిమంది ఉన్నారు.

మా మాస్టర్ జడ్జి అయ్యాక లా లైబ్రరీలో ఆవిడ బల్ల ఖాళీ అయింది, చేతిలో ఉన్న బ్రీఫులన్నీ సొలిసిటర్లకు తిరిగి వెళ్లాయి. మాతో కాఫీకి రావడం మానేసింది. కోపం కాదు, అలా ఉండాలి. కొంతకాలానికి ఒక మోషన్ (కేసు మధ్యలో వేసే దరఖాస్తు) మీద ఆవిడ కోర్టులోనే నిలబడాల్సి వచ్చింది. ఇక్కడ 2006 నుంచి మై లార్డ్ అనడం పోయింది, 'జడ్జ్' అంటే చాలు. ఆరు నెలలు ఏ పేరుతోనూ పిలవలేకపోయిన మనిషిని మొదటిసారి ఒక మాటతో పిలిచాను. నేను చెప్పడం మొదలుపెట్టిన రెండు నిమిషాలకు తల ఎత్తి, "దీనికి అవతలివైపు ఏమంటారు?" అంది. నా దగ్గర ఆ పేజీ సిద్ధంగా ఉంది. అయినా ఆ మోషన్ నాకు వ్యతిరేకంగానే తేల్చింది. తీర్పులో నా వాదనను నేను చెప్పినదాని కన్నా బాగా రాసి, ఎందుకు నిలవదో తర్వాత చెప్పింది. ఓడిపోయిన నా క్లయింటు అది చదివి, "నేను చెప్పింది ఆవిడ విన్నది" అన్నాడు.

కొన్నేళ్లకు ఆవిడ అప్పీలు కోర్టుకు వెళ్లింది. ఆ కోర్టు పుట్టిందే 2014లో, అంతకు ముందు ఏడాది ప్రజలు రెఫరెండంలో ఒప్పుకున్నాక. అక్కడ మామూలుగా ముగ్గురు కలిసి వింటారు, సాక్షులు ఉండరు, కాగితాలు, వాదనలే. డెబ్బై ఏళ్లకు రిటైర్మెంటు.

పద్ధతి ఇప్పుడు మారింది. 2023 చట్టంతో జ్యుడీషియల్ అపాయింట్‌మెంట్స్ కమిషన్ వచ్చి, 2025 జనవరి 1న పని మొదలుపెట్టింది. చీఫ్ జస్టిస్ అధ్యక్షత, చీఫ్ జస్టిస్‌తో కలిపి నలుగురు జడ్జీలు, లాయర్లు కాని నలుగురు బయటివాళ్లు. ఇప్పుడు ఇంటర్వ్యూ ఉంది. ఒక ఖాళీకి మూడు పేర్లు పంపుతారు, ప్రభుత్వం వాళ్లలోంచే తీసుకోవాలి. జడ్జిగా ఉన్నవాళ్లు పై కోర్టుకు వెళ్లాలన్నా దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. సంతకం చేసే ముందు రాష్ట్రపతి ఈ బిల్లును సుప్రీం కోర్టుకు పంపారు, చెల్లుతుందని 2023 డిసెంబర్‌లో కోర్టు చెప్పింది. మన దగ్గర ఇలాంటి కమిషన్‌నే 2015లో సుప్రీం కోర్టు కొట్టేసింది. రెండు రాజ్యాంగాలు, రెండు చరిత్రలు, పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం తేలిక కాదు. ఒక్కటి మాత్రం అంటాను. ఎలా ఎంచుతారో ముందే రాసి గోడ మీద పెట్టినట్టుంటే, నాలాగా ఎవరికీ చుట్టం కాని మనిషి కూడా దరఖాస్తు తీసుకునే ధైర్యం చేస్తుంది.

ప్రాక్టీసులోకి వచ్చి పన్నెండేళ్లు నిండాయి. హైకోర్టుకు అడగడానికి కాగితం మీద నాకు అర్హత ఉంది. మాస్టర్ నడిచిన దారి అది, తోటివాళ్లు కూడా ముందు సిల్క్ తీసుకోమంటున్నారు. నేను డిస్ట్రిక్ట్ కోర్టుకు పెడదామనుకుంటున్నాను. దానికి పదేళ్లు చాలు. అన్నిటికన్నా కింది కోర్టు అది. తాగి బండి నడిపినవాళ్లు, భర్త కొట్టాడని రక్షణ అడిగేవాళ్లు, జీవితంలో మొదటిసారి జడ్జి ముఖం చూసేవాళ్లు వస్తారు. రోజుకు పదుల కేసులు పిలుస్తారు. వినడానికి టైమ్ తక్కువ ఉండే చోటు అదే.

ఫారం టేబుల్ మీద ఉంది. చేసిన కేసుల గురించి రాయాలి. రోడ్డు ప్రమాదం కేసు డ్రాఫ్టు గురించి మొదట రాశాను. నిన్న నాన్నకు చెప్తే, "మున్సిఫ్ కోర్టేనా?" అన్నారు. దాదాపు అంతే నాన్నా అన్నాను. అక్కడ బెంచ్ క్లర్కు ఎక్కడ కూర్చుంటారని అడిగారు. జడ్జికి ముందు, ఒక మెట్టు కింద అని చెప్పాను.